చీటీలో మూడు సరుకులు

సోంపేట,
16 నవంబరు 2025, ఆదివారం

చిట్టీ,

నీకు ఉత్తరం రాసి ఇరవై రెండు నెలలైంది. ఉగాదికీ దసరాకీ నువ్వు ఫోన్లో శుభాకాంక్షలు పంపుతూనే ఉన్నావు. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటూ వచ్చాను. అది కోపమని నీకు తెలుసు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. బి.ఎడ్.లో ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్ళం మనం. అలాంటిది, ఇద్దరి మధ్యా ఇంత మౌనం నా వల్లే వచ్చింది. ఇవాళ అత్తయ్య రేపటి కార్తీక సోమవారానికి ఒత్తులు చేసుకుంటున్నారు. చిన్నోడు మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. కూర్చుని రాస్తున్నాను.

ఆ సంక్రాంతి గుర్తుందా? భోగి ముందు రోజు. అరిసెల పాకానికి బెల్లం, నువ్వులు, యాలకలు తెమ్మని చిన్నోడిని వీధి చివరి కొట్టుకి పంపాను. బెల్లం ఒక్కటే పట్టుకొచ్చాడు. మళ్ళీ పంపితే నువ్వులు తెచ్చాడు. మూడోసారి గడప దాటి, వెనక్కి తిరిగి, "అమ్మా, ఇంకోటేంటి?" అన్నాడు. నేను అరిచాను. పన్నెండేళ్ళొచ్చాయి, మూడు సరుకులు గుర్తుండవా, ధ్యాసంతా ఎక్కడ పెట్టుకుంటావు అని. నువ్వు పిండి జల్లిస్తూ చెయ్యాపి, "వీడికిలా ఎప్పట్నించి ఉంది? కిడ్నీ డాక్టరు గారికి ఈ సంగతి చెప్పావా?" అని అడిగావు. మెల్లిగానే అడిగావు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "కిడ్నీకీ బుర్రకీ ఏం సంబంధమే? మీ స్కూల్లో వెనకబడ్డ పిల్లల్ని చూసీ చూసీ నీకు అందరూ అలాగే కనిపిస్తున్నారు. నా కొడుకుని ఆ లెక్కలో వెయ్యకు" అన్నాను. అంతకన్నా పెద్ద మాట కూడా అన్నాను, అది రాయలేను. నువ్వు మర్నాడే విశాఖ వెళ్ళిపోయావు.

సంబంధం ఉంది చిట్టీ. నువ్వడిగిన రోజే నేను డాక్టరుని అడిగి ఉంటే వాడికి ఏడాదిన్నర తిట్లు తప్పేవి. ముందు ఆ మాట చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

వాడి జబ్బు సంగతి నీకు తెలిసిందే. మూత్రం బయటికొచ్చే దారిలో పొరలాంటి కవాటం అడ్డుపడి పుట్టాడు. మగపిల్లల్లోనే వచ్చే లోపమది. పుట్టిన తొమ్మిదో రోజున విశాఖలో ఆ పొర తీసేశారు. కానీ కడుపులో ఉండగానే వెనక్కి ఎగదన్నిన మూత్రం కిడ్నీల్ని దెబ్బతీసేసింది. మిగిలినవాటితో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు. ఇక్కడ ఉద్దానంలో ఎవరి పిల్లాడికి కిడ్నీ జబ్బన్నా, "నీళ్ళ వల్లేనమ్మా" అనేస్తారు. కాదని ఎంతమందికి చెప్పానో. ఈ పల్లెల్లో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే పెద్దవాళ్ళకి వస్తున్న జబ్బు వేరు. దానికి కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు. వీడిది పుట్టుకతో వచ్చింది. ఈ ఉద్దానంలో కాక ఇంకెక్కడ పుట్టినా వీడికి వచ్చేదే.

డాక్టరు గారు రాసే కాగితం మీద ఒక లెక్క ఉంటుంది, అది నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. పిల్లాడి ఎత్తుని సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి, వచ్చినదాన్ని క్రియాటినిన్‌తో భాగించాలి. కిడ్నీలు ఏమాత్రం పనిచేస్తున్నాయో సుమారుగా తెలుస్తుంది. ఆ సంక్రాంతికి వాడి ఎత్తు 131, క్రియాటినిన్ 1.6. లెక్క 33.8 వచ్చింది. మొన్న అక్టోబరులో ఎత్తు 138, క్రియాటినిన్ 2.6. లెక్క 21.9. మామూలు పిల్లల్లో ఇది 90కి పైన ఉంటుంది. 15కి దిగితే డయాలిసిస్, కిడ్నీ మార్పిడి మాటలు మొదలవుతాయి. ఈ సంఖ్య మీద ఇన్నేళ్ళు కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. మెదడు గురించి కాగితంలో ఏ గడీ ఉండదు, కాబట్టి నేనూ ఆలోచించలేదు.

తొమ్మిదో తరగతి లెక్కలు వాడికి నేనే చెబుతున్నాను. మొన్న ఆగస్టులో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే వాడిది వచ్చింది. మొదటి లెక్క మూడు మెట్లు చక్కగా చేశాడు. నాలుగో మెట్టులో 47ని 74గా దించుకున్నాడు. రెండో లెక్కలో సూత్రం సరిగా రాశాడు, విలువలు వేశాడు, అక్కడితో ఆగిపోయాడు. అయిదోది మొదలే పెట్టలేదు, సమయం చాల్లేదు. ఇరవై ఏళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను. పాఠం అర్థం కాని పిల్లాడి పేపరు ఇలా ఉండదు. అర్థమైందిగానీ చేతిలోని దారం మాటిమాటికీ జారిపోయేవాడి పేపరు ఇలా ఉంటుంది. అది చూస్తుంటే నువ్వు పిండి జల్లెడ పట్టుకుని అడిగిన మాట చెవిలో పడింది. అంతకు ముందు వారమే వాడిని నేను పాఠం వినడం లేదని క్లాసులో అందరి ముందూ నిలబెట్టాను. రాత్రి అన్నం తింటూ వాడు, "నాకు బుర్ర లేదమ్మా, ఎందుకూ ఊరికే" అన్నాడు. ఏడవలేదు. నెమ్మదిగా, తేల్చి చెప్పినట్టు అన్నాడు.

ఆ నెలలోనే విశాఖ వెళ్ళినప్పుడు డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మీరు చెప్పకపోతే నేనే అడగాలమ్మా, ఇంత ఆలస్యం చేశాను" అన్నారు. తర్వాత అరగంట కూర్చుని చెప్పారు. నేను అర్థం చేసుకున్నంతవరకూ నీకు రాస్తాను, తప్పుంటే దిద్దు.

గుండె పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. దాదాపు ఏడో వంతు మెదడుకి పోతుంది, అది ఒంటి బరువులో రెండు శాతమే అయినా. రెండూ రాత్రీ పగలూ ఎడతెగని ప్రవాహం మీద బతికేవి. మన వంశధార కాలువ మొదట్లో ఉన్న పొలాల్ని తలుచుకో. అక్కడ తూములు మూసే పని ఉండదు, నీళ్ళు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. కాలువలో ఒత్తిడి పెరిగిందంటే ముందు తెగేవి ఆ గట్లే. రక్తపోటు ఎక్కువైతే కిడ్నీలోనూ మెదడులోనూ సన్నని రక్తనాళాల మీద పడే దెబ్బ అలాంటిదే. కిడ్నీ జబ్బున్న పిల్లల్లో సగానికి పైగా మందికి బీపీ ఉంటుందట. పిల్లలకి బీపీ ఏంటి అనుకుంటాం మనం. పైగా కొంతమందికి ఆసుపత్రిలో చూసినప్పుడు బాగానే ఉంటుంది, ఇంటికెళ్ళాక, రాత్రి నిద్రలో పెరుగుతుంది. దాదాపు మూడో వంతు మందిలో అలా దాక్కుని ఉంటుందట. దాన్ని పట్టుకోవాలంటే 24 గంటలూ చేతికి పట్టీ కట్టి ఉంచే పరికరం పెట్టాలి. మా వాడికి మొన్ననే మొదటిసారి కట్టారు.

రెండోది రక్తం. ఎర్రకణాలు తయారుచెయ్యమని ఎముక మజ్జకి చెప్పే హార్మోను కిడ్నీలోనే పుడుతుంది. కిడ్నీ కుంటుపడితే ఆ కబురు అందదు. ఎంత పాలకూర పెట్టినా, ఎంత ఖర్జూరం తినిపించినా హిమోగ్లోబిన్ పెరగదు. మా వాడికి 8.2 ఉంది. మెదడుకి అందాల్సిన ప్రాణవాయువు తక్కువైతే క్లాసులో కూర్చున్నవాడి చూపు బోర్డు మీద ఉంటుంది, మనసు నిలవదు. ఆ హార్మోనుని ఇంజెక్షనుగా ఇవ్వడం అమెరికాలో 1989 నుంచీ ఉంది, అంతకు ముందు ఈ పిల్లలకి మాటిమాటికీ రక్తం ఎక్కించడమే దారి.

మూడోది, వడపోతలో పోవాల్సినవి పోకపోవడం. మనం తిన్న మాంసకృత్తుల్ని పేగుల్లో సూక్ష్మజీవులు విరగ్గొడితే కొన్ని పదార్థాలు తయారవుతాయి. మామూలుగా మూత్రంలో పోతాయి. వీళ్ళలో పోక రక్తంలో పేరుకుంటాయి, మెదడుని మసకబారుస్తాయి. దానికి తోడు రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. అది మందగింపజేసేది ఒక్క ఎముకల ఎదుగుదలనే కాదు, మెదడునీ.

ఇవి కాక నిద్ర. దీని గురించి నేనెప్పుడూ డాక్టరుకి చెప్పనేలేదు, జబ్బులో భాగమని తోచకే. వీడి కిడ్నీలు నీటిని ఆపుకోలేవు. రోజంతా దాహం, రాత్రి మూడుసార్లు లేవడం. లేచినప్పుడల్లా కాళ్ళు లాగుతున్నాయంటాడు, పడుకుని కాళ్ళు అటూ ఇటూ కదుపుతూనే ఉంటాడు. తెల్లారేసరికి అలసిపోయి ఉంటాడు. అప్పుడు వాడిని నేను ఎనిమిదింటి ట్యూషనుకి తోలేదాన్ని. బడిలో కొందరు మాస్టార్లు మాటిమాటికీ బయటికి వెళ్ళనివ్వరని వాడు నీళ్ళు తాగడమే మానేశాడని మొన్న తెలిసింది. నీళ్ళు తగ్గితే కిడ్నీ ఇంకా చెడుతుంది. ఇది వింటున్నప్పుడు నాకు తల దిమ్మెక్కిపోయింది. ఆ మాస్టార్లూ నేనూ ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటాం.

డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. పుట్టినప్పటి నుంచీ రెండేళ్ళ వయసు వరకూ మెదడు పెరిగే వేగం మళ్ళీ జన్మలో ఉండదు. రెండేళ్ళకి మెదడు పరిమాణం పెద్దవాళ్ళ మెదడులో ఎనభై శాతం దాకా వచ్చేస్తుంది. ఆ వయసులోనే కిడ్నీలు కుంటుపడితే పునాదిలోనే ఒత్తిడి పడినట్టు. ఇక నుదుటి వెనకున్న భాగం ఇరవై అయిదేళ్ళ దాకా ముదురుతూనే ఉంటుంది. ఒక పని మొదలుపెట్టి వరసగా చేసుకుపోవడం, మూడు విషయాలు ఒకేసారి మనసులో పట్టి ఉంచడం, తొందరపాటుని ఆపుకోవడం, ఇవన్నీ ఆ భాగం చూసుకునే పనులు. బెల్లం, నువ్వులు, యాలకలు. ఆయన చెబుతుంటే నాకు మా గడపే కళ్ళ ముందు కదిలింది.

ఇదంతా కొందరు డాక్టర్ల ఊహ కాదు. అమెరికా, కెనడాల్లో ఇరవై ఏళ్ళ కిందట సీకిడ్ అనే పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. కిడ్నీ జబ్బున్న పిల్లల్ని చేర్చుకుని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. నేను వేసుకునే ఆ 0.413 లెక్క కూడా 2009లో దాని నుంచే వచ్చింది. 2011లో వాళ్ళు 6 నుంచి 16 ఏళ్ళ పిల్లల తెలివి, ధ్యాస, చదువుల పరీక్షల ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద సగటు మామూలు పరిధిలోనే ఉంది. కాబట్టి కిడ్నీ జబ్బంటే మందబుద్ధి అనుకోవడం పూర్తిగా తప్పు. కానీ ఒక్కో పరీక్షనూ విడిగా చూస్తే, 21 నుంచి 40 శాతం పిల్లలు సగటుకి ఒక మెట్టు కింద, అంటే మనం ప్రామాణిక విచలనం అని పాఠం చెబుతామే, దానికన్నా ఎక్కువ దూరంలో ఉన్నారు. మామూలు పిల్లల్లో అలా ఉండేది పదహారు శాతం. లెక్కల టీచర్లం కదా, ఈ తేడా ఎంతో నీకు నేను విడమర్చక్కర్లేదు. బీపీ ఎక్కువున్న పిల్లలు దిమ్మెలు పేర్చి బొమ్మ తయారుచేసే రకం పరీక్షల్లో, బీపీ అదుపులో ఉన్నవాళ్ళకన్నా వెనకబడ్డారు. చదువుల్లో అన్నిటికన్నా ఎక్కువ వెనకబడింది లెక్కల్లో. ఎందుకంటే ఒక మెట్టుని పట్టుకుని ఇంకో మెట్టు ఎక్కాల్సింది అక్కడే కదా.

ఇంకో సంగతి చెబితే నవ్వుతావు. కిడ్నీ జబ్బున్న పిల్లల మెదడులో రక్తప్రవాహాన్ని స్కానింగులో కొలిచి చూసినవాళ్ళు మీరుండే ఫిలడెల్ఫియాలోని పిల్లల ఆసుపత్రివాళ్ళే. ఆ పిల్లల మెదడుకి రక్తం తక్కువ కాదు, మామూలు పిల్లలకన్నా ఎక్కువ పారుతోందట. రక్తహీనత వల్ల పలచబడ్డ రక్తంతో సరిపెట్టుకోవడానికి మెదడు ఎక్కువ రక్తం లాక్కుంటోందన్నమాట. పాపం ఆ మెదడు ఎంత పాటుపడుతోందో చూడు. నేను మాత్రం వాడికి బద్ధకమనుకున్నాను.

వైద్యం వల్లే పిల్లల మెదళ్ళు దెబ్బతిన్న రోజులూ ఉన్నాయని డాక్టరు గారు చెప్పారు. డయాలిసిస్ చేయించుకునేవాళ్ళకి మాట తడబడడం, ఫిట్స్ రావడం, మతి పోవడం చూసి, దానికి మూలం అల్యూమినియం కావచ్చని 1976లో డెన్వర్‌లో ఆల్‌ఫ్రే అనే డాక్టరు బృందం రాసింది. డయాలిసిస్ నీళ్ళలో ఉన్నది కొంత, భాస్వరాన్ని కట్టడి చెయ్యడానికి ఇచ్చే మందులో ఉన్నది కొంత. డయాలిసిస్ దాకా రాని పసిపిల్లలకి కూడా ఆ మందు వల్లే మెదడు దెబ్బతింది. ఆ తర్వాత దాన్ని మాని కాల్షియం మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మాట విని నేను ఇంటికొచ్చి ఏం చేశానో తెలుసా? అత్తయ్య అలమారలో ఉన్న గ్యాస్ మందు సీసా తీసి వెనక అంటించిన చీటీ చదివాను. అల్యూమినియం హైడ్రాక్సైడ్. వాడికి కడుపు ఉబ్బరమంటే ఆవిడ రెండు చెంచాలు పోసేవారు, ప్రేమతో. ఆ రోజు నుంచి ఆ సీసా, కిడ్నీకి పడని నొప్పి మాత్రల డబ్బా రెండూ పైనున్న తాళం పెట్టెలోకి వెళ్ళాయి. ఆవిడ రెండు రోజులు ముఖం ముడుచుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "గుంటడికి సురుకు తగ్గిపోనాదని నానూ అనుకున్నానమ్మా, ఏటి సెప్పాలో తెలక ఊరుకున్నాను" అన్నారు. చూశావా, ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరికీ అది జబ్బు మాట అని తెలీదు.

విశాఖలోనే ఒక మానసిక నిపుణురాలు రెండు పూటలు కూర్చోబెట్టి పరీక్షలు చేశారు. అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటే అయిదు దాకా గడగడా చెప్పాడు. వెనక నుంచి చెప్పమంటే మూడు దాటలేదు. కథ చెప్పి ప్రశ్నలడిగితే వాడు చెప్పిన జవాబులకి ఆవిడే మెచ్చుకున్నారు. బయటికొచ్చాక ఆవిడ వాడినే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. నాతో కాదు, వాడితో. "నీకు తెలివి తక్కువ కాలేదురా. నీ బల్ల చిన్నది. ఒకేసారి అన్ని పుస్తకాలు పరచలేవు. ఒకటి మూసి ఇంకోటి తియ్యి" అన్నారు. ఆ మాట వాడికి పట్టింది. ఇప్పుడు ఏ పని చెప్పినా, "అమ్మా, బల్ల నిండింది, ఒకటి తీసెయ్" అంటాడు.

ఇప్పుడేం చేస్తున్నామంటావా? వారానికోసారి ఆ హార్మోను ఇంజెక్షను, నేనే వేస్తాను. హిమోగ్లోబిన్ 10.6కి వచ్చింది. నవరాత్రుల నాటికే తేడా కనిపించింది. సాయంత్రం బడి నుంచి రాగానే మంచమెక్కేవాడు, ఇప్పుడు వీధిలో క్రికెట్‌కి పోతున్నాడు. ఆమ్లం తగ్గడానికి రోజుకి మూడు సోడా మాత్రలు. రుచి బాగోదని గొణుగుతాడు. బీపీకి రామిప్రిల్ మొదలుపెట్టారు. యూరప్‌లో 385 మంది పిల్లలకి ఈ మందు ఇచ్చి, వాళ్ళలో సుమారు సగం మందికి బీపీని మామూలుకన్నా ఇంకా కిందికి కట్టడి చేసి చూస్తే, మిగతావాళ్ళకన్నా వాళ్ళ కిడ్నీలు చెడే వేగం తగ్గిందని 2009లో ప్రచురించారట. కిడ్నీకి మంచి చేసేదే మెదడుకీ మంచిదని డాక్టరు గారి మాట. తలనొప్పి బాగా వచ్చినా, చూపు మసకబారినా, ఫిట్స్‌లా వచ్చినా ఒక్క గంట కూడా ఆగకుండా రమ్మన్నారు. బీపీ ఒక్కసారిగా ఎగిస్తే మెదడు వాస్తుందట, వెంటనే వైద్యం అందితే చాలామందిలో తిరిగి మామూలవుతుందట. ఆ మూడు గుర్తులూ పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకి అంటించాను, మేం ఇంట్లో లేకపోయినా అత్తయ్యకి కనిపించేలా.

బడిలో కూడా మాట్లాడాను. నా పేపరుకి నేను ఎక్కువ సమయం ఇవ్వగలను, మిగతావాళ్ళని బతిమాలాలి. బతిమాలాను. నీళ్ళ సీసా బల్ల మీద ఉంచుకోవచ్చు, అడక్కుండా బయటికి వెళ్ళొచ్చు, పొడుగు లెక్కల్ని మెట్లుగా విడగొట్టి ఇస్తారు. వచ్చే ఏడు పదో తరగతి పబ్లిక్ పరీక్షల సంగతే నాకు గుబులుగా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలసీమియా ఉంది, సికిల్ సెల్ ఉంది, హిమోఫీలియా ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు లేదు. ఆ పట్టికలో ఉండి అర్హత వచ్చిన పిల్లలకి పరీక్షలో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. నా కొడుకు రక్తంలో పేరుకున్నది కళ్ళకి కనిపించదు కాబట్టి వాడికి గడియారం అందరితో సమానంగా తిరుగుతుంది. ఇది న్యాయం కాదు చిట్టీ. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది అనే కాలమ్ కింద సర్టిఫికెట్ వస్తుందేమో చూద్దామని ఆ నిపుణురాలు అన్నారు. తిరుగుతాను. ఎన్ని ఆఫీసులైనా తిరుగుతాను.

నీకు చెప్పాలో వద్దో అనుకున్నదొకటి. ఈ మధ్య మా బడి పిల్లల్ని వేరే కళ్ళతో చూస్తున్నాను. నా ఎనిమిదో తరగతిలో ఇద్దరి తండ్రులు డయాలిసిస్‌లో ఉన్నారు. వారానికి రెండు మూడు రోజులు సోంపేటకో, కవిటికో, పలాసకో వెళ్ళొస్తారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి తెరిచాక విశాఖ దాకా పోయే బాధ కొందరికి తగ్గింది. డయాలిసిస్ అయిన రోజు ఆ మనుషులు ఇంటికి వచ్చి మాట్లాడలేక పడుకుంటారు. పిల్లలు, "మా నాన్న అన్నీ మర్చిపోతన్నాడు టీచర్, డబ్బులెక్కడ పెట్టాడో ఆయనకే తెలీదు" అంటారు. అది వయసు మరుపనుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయనకి నలభై రెండేళ్ళే. నేనిప్పుడు వాళ్ళకి చెబుతున్నాను, నాన్నని తిట్టకండి, ఆ మాట డయాలిసిస్ చేసే సిస్టరుకి చెప్పండి, రక్తం చూపించమనండి అని. ఆ పిల్లలు లెక్కల్లో వెనకబడితే నాకిప్పుడు కోపం రావడం లేదు. ఇంట్లో ఆ మంచం పక్కన కూర్చుని వాళ్ళు ఏ లెక్క చేస్తారు?

ఇక కిడ్నీ మార్పిడి. నా గ్రూపు ఓ పాజిటివ్. వాడిది బి. నాది వాడికి సరిపోతుంది. పరీక్షలు మొదలుపెట్టమని నేనే అడిగాను. డయాలిసిస్ మీద ఏళ్ళ తరబడి ఉంచకుండా, వీలైతే దాని దాకా పోకుండానే మార్పిడి చేస్తే మెదడుకి మేలని చెప్పారు. మార్పిడి అయ్యాక ధ్యాస, చురుకుదనం మెరుగుపడ్డ పిల్లలున్నారు. అందరికీ అంతా తిరిగి రాదు, పోయినదాన్ని పూర్తిగా తెస్తామని ఎవరూ మాటివ్వలేదు. మా ఆయన మొదట భయపడ్డారు, ఇద్దరూ మంచానపడితే ఇల్లెలా అని. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు పొద్దున్నే నా దగ్గరికి కాఫీ గ్లాసు తెచ్చిపెట్టి, "సెలవు ఎన్నాళ్ళు పెట్టాలో కనుక్కో" అన్నారు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

నీ దగ్గర నాకొక పని ఉంది. మీ బళ్ళో ఇలాంటి పిల్లలకి రాసే ప్రణాళిక కాగితం ఉంటుందని అప్పట్లో చెప్పావు. ఏ పిల్లాడికి ఎంత సమయం, ఏ పనిని ఎన్ని ముక్కలు చెయ్యాలి, ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి అని. పేర్లు కొట్టేసి ఒకటి పంపు. తెలుగులోకి మార్చుకుంటాను. మా హెడ్మాస్టారికి చూపించాలి. ఆయన కాగితం మీద ఉంటే వింటారు.

చిన్నోడు లేచాడు. ఎవరికి రాస్తున్నావని అడిగాడు. నీకని చెప్పాను. "పిన్ని ఈసారి సంక్రాంతికి వస్తుందా?" అన్నాడు. నేను ఆ రోజు నీతో అన్న మాటలు వాడు గది లోపల విన్నాడట, మొన్న చెప్పాడు. నువ్వు వాడి తరఫునే అడిగావని వాడికి అప్పుడే అర్థమైందట. నాకే అర్థం కాలేదు.

24 గంటల బీపీ రిపోర్టు గురువారం వస్తుంది, రాగానే ఫోన్ చేస్తాను, ఈసారి నేనే చేస్తాను. నువ్వు సంక్రాంతికి రా. అరిసెలకి కొట్టుకి వాడినే పంపుదాం. చీటీ రాసి ఇస్తాను, మూడు సరుకులూ తెస్తాడు.

నీ
సోంపేట నేస్తం